ఉప్పు మరిచిన ఎండ్రికాయ, మరవని రొయ్య

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ టీ బండి దగ్గర నిలబడ్డా, చంకలో బిట్ బ్యాంకు పెట్టుకున్న కుర్రాళ్ళు నలుగురైనా కనిపిస్తారు. "కృష్ణానది పుట్టిన చోటు?" అని ఒకరు అంటారో లేదో, గ్లాసు దించకుండానే ఇంకొకరు "మహాబలేశ్వర్" అనేస్తారు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రిదాకా నడిచేదీ ఈ ఆటే. ఆ ధాటిలోనే ఈ బిట్టుకూ జవాబు చెప్పండి.

కృష్ణమ్మ ఒడ్డున బొరియలో కాపురముండే ఎండ్రికాయకు తాతముత్తాతలు ఎక్కడివాళ్ళు? ఎ) గోండ్వానా. బి) బంగాళాఖాతం. సి) ఆగ్నేయాసియా. డి) పైవేవీ కావు.

తొందరపడి టిక్కు పెట్టకండి. నెగెటివ్ మార్కులున్నాయి. జవాబు దారిలో తగులుతుంది. ఈలోగా మంచినీటి ఎండ్రికాయలు, రొయ్యలు, వాటి దూరపు చుట్టం క్రేఫిష్ గురించి కొన్ని విశేషాలు.

పేరు నాలుగు రకాలు

కోస్తాలో పీత. తెలంగాణలో ఎండ్రికాయ. పంచాంగంలో కర్కాటకం. లాటిన్‌లో కేన్సర్. ఆ చివరి పేరు జబ్బుకు అంటుకోవడానికి కారణం కణితి ఆకారమే. చుట్టూ ఉబ్బిన నరాలు ఎండ్రికాయ కాళ్ళలా కనిపిస్తాయని గ్రీకు వైద్యుడు గేలెన్ పోల్చాడు.

ఐదింట ఒకటి

ప్రపంచంలో పీతలు దాదాపు 7,000 రకాలు. వాటిలో 1,300కు పైగా సముద్రం మొహమే చూడకుండా మంచినీటిలో పుట్టి, పెరిగి, పోతాయి. మన దేశంలోనే ఇలాంటివి వందకు మించి ఉన్నాయి. మంచినీటి రొయ్యలు 650 రకాల పైమాట, క్రేఫిష్‌లు 600 పైమాట.

తిరగేసి చూస్తే తెలుస్తుంది

రాంనగర్ చేపల మార్కెట్‌లో బేరమాడేవాళ్ళకు ఓ చిట్కా. ఎండ్రికాయను వెల్లకిలా తిప్పి, పొట్టకింద మడిచి ఉన్న రేకు చూడండి. వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది. నిజానికి ఆ రేకు దాని తోకే. రొయ్య వెనక్కి చాపుకొని తిరిగే భాగాన్ని ఎండ్రికాయ కిందికి మడిచి దాచుకుంది.

సముద్రాన్ని మరిచిన తీరు

సముద్రపు పీత ఒక్క కాన్పులో లక్షల గుడ్లు పెడుతుంది. వాటిలోంచి వచ్చేవి తల్లి పోలికలు బొత్తిగా లేని పిల్లలు. ముళ్ళ టోపీ పెట్టుకున్న చుక్కల్లా నీటిలో తేలుతూ, రూపాలు మార్చుకుంటూ, చివరికి పీతలవుతాయి. ఈ పద్ధతి నదిలో చెల్లదు. పారే నీటిలో తేలే పిల్లను వరద ఎక్కడికి ఈడ్చుకుపోతుందో తెలియదు.

అందుకే మంచినీటి ఎండ్రికాయ ఆ బాల్యం మొత్తాన్నీ గుడ్డులోనే ముగించేస్తుంది. గుడ్లు తక్కువే. కాకపోతే పెద్దవి, లోపల సొన దండిగా ఉన్నవి. వాటిలోంచి పది కాళ్ళతో చిట్టి ఎండ్రికాయే బయటికొస్తుంది. కొన్నాళ్ళు తల్లి పొట్టకింది రేకులోనే తలదాచుకుంటుంది. ఇక సముద్రంతో పనిలేదు.

దీనికి చెల్లించిన ధర కూడా ఉంది. తేలిపోయే పిల్లలు లేవు కాబట్టి ఎండ్రికాయ దూరం పోలేదు. ఓ కొండకు అటుపక్క వాగులోదీ ఇటుపక్క వాగులోదీ కలవడం మానేస్తే, కొన్ని లక్షల ఏళ్ళకు రెండూ రెండు జాతులవుతాయి. ఇన్ని వందల రకాలు పుట్టుకురావడానికి ఒక ముఖ్య కారణం ఈ కదలలేనితనమే.

కుందేలు పేరున్న ఎండ్రికాయ

మన పొలాల్లో బాగా కనిపించే ఎండ్రికాయల్లో ఒకదాని శాస్త్రీయ నామం బారిటెల్ఫూసా క్యునిక్యులారిస్. లాటిన్‌లో 'క్యునిక్యులస్' అంటే కుందేలు, దాని బొరియ కూడా. దక్కనులో తిరిగిన కల్నల్ సైక్స్ అనే అధికారి దీని సంగతులు రాయగా, 1836లో వెస్ట్‌వుడ్ పేరు పెట్టాడు. ఎండాకాలమంతా ఇది తడి తగిలేదాకా తవ్వుకున్న బొరియలో ముడుచుకుంటుంది. మృగశిర కార్తెలో తొలి వానలు పడగానే బయటికొస్తుంది. మడి గట్టుకు చిల్లు పెట్టి నిలవనీళ్ళన్నీ తోడేస్తుంది కాబట్టి రైతు తిడతాడు. జలుబు చేస్తే ఎండ్రికాయల పులుసు కావాలని అడిగేదీ ఆ రైతింట్లోవాళ్ళే.

పులుసు బాగా ఉడకాలి

పచ్చివి, అరకొరగా ఉడికినవి తింటే ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టే ఒక పరాన్నజీవి పట్టుకునే ప్రమాదముంది. దగ్గు, కఫంలో రక్తం చూసి క్షయ అని పొరబడిన కేసులు మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఉన్నాయి. మన పులుసు కుతకుతలాడేదాకా మరిగేది కాబట్టి అందులో ఆ పురుగు బతకదు.

ముసలాయన కంటికాడ

ఇంకో ఎండ్రికాయ పేరు ఓజియోటెల్ఫూసా సెనెక్స్. 1798లో ఫాబ్రీషియస్ పెట్టిన ఈ 'సెనెక్స్'కు లాటిన్‌లో ముసలివాడని అర్థం. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా జీవశాస్త్ర పరిశోధనలకు ఒళ్ళప్పగించింది ఈ ముసలాయనే.

అక్కడి పరిశోధనల్లో పెద్దపీట కంటికాడది. ఎండ్రికాయలకు, రొయ్యలకు కన్ను ఒక కాడ చివర ఉంటుంది. ఆ కాడలోని గ్రంథి "ఇప్పుడే పెంకు విడవకు, ఇప్పుడే గుడ్లకు సిద్ధపడకు" అని ఒంటికి ఆపుదల సందేశాలు పంపుతూ ఉంటుంది. కాడ తీసేస్తే ఆపేవాళ్ళు ఉండరు. పెంకు తొందరగా విడుస్తుంది, అండాశయం త్వరగా పండుతుంది. కోస్తా హేచరీల్లో తల్లి రొయ్యకు ఒక కన్ను చిదిమి గుడ్లు పెట్టించే పద్ధతి వెనుక ఉన్న సూత్రం ఇదే. కన్ను చూడటానికే అనుకుంటాం. దాని కాడ మాత్రం కాన్పు తేదీ కూడా నిర్ణయిస్తుంది.

బిట్టుకు జవాబు: సి

భారత భూఖండం గోండ్వానా నుంచి విడిపోయి ఉత్తరానికి కొట్టుకొచ్చి ఆసియాను ఢీకొందని తెలుసు కాబట్టి, మన ఎండ్రికాయలూ ఆ పడవ ఎక్కే వచ్చి ఉంటాయని అనుకోవడం సహజం. 2010లో సెబాస్టియన్ క్లాస్, ఆయన సహచరులు జన్యువులు పోల్చి చూస్తే కథ తిరగబడింది. జెకార్సినూసిడే అనే మంచినీటి కుటుంబంలో భారతదేశానివన్నీ ఒకే కొమ్మకు చెందినవి. ఆ కొమ్మ మొదలు ఆగ్నేయాసియా వైపు ఉంది. సుమారు నాలుగైదు కోట్ల ఏళ్ళ క్రితం అవి ఇటు వచ్చాయి.

ఇందులో అసలు మెలిక ఇప్పుడు చూడండి. ఉప్పునీళ్ళు పడని, తేలే పిల్లలు లేని ప్రాణి సముద్రం దాటలేదు. అంటే భారత్ పూర్తిగా అతుక్కోకముందే ఆగ్నేయాసియాకు చాలా దగ్గరగా ఒరిసి ఉండాలి. ఎండ్రికాయ నడిచిన దారి పట్టుకొని ఖండాలు నడిచిన దారిని చెప్పారన్నమాట.

పడవెక్కి వచ్చినదీ ఉంది

గోండ్వానా అని టిక్కు పెట్టినవాళ్ళు పూర్తిగా నిరాశపడక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో నేలలోపలి నీటిలో ఓ చిన్న ప్రాణి దొరికింది. కళ్ళు ఉండవు, చీకటే లోకం. ఎండ్రికాయల వంశంలోనే వేరే శాఖ, రోకలిబండ పురుగుల్ని తలపించే 'ఐసోపాడ్'ల గుంపుది. 2011లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై.రంగారెడ్డి, ఆస్ట్రేలియన్ మ్యూజియంకు చెందిన జార్జ్ విల్సన్ కలిసి దీనికి 'ఆంధ్రకాయిడిస్ షాబుద్దీన్' అని నామకరణం చేశారు. దీని దగ్గరి బంధువులు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. రెండు భూఖండాలు కలిసి ఉన్న రోజుల నుంచీ ఇది నేలకింద అలాగే ఉండిపోయింది. ఎండ్రికాయ నడిచొస్తే, ఇది పడవలోనే పుట్టి పెరిగింది.

బండి తప్పిన చుట్టం

రొయ్యకు పెద్ద గోళ్ళు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది క్రేఫిష్. ఉత్తరార్ధగోళంలో కొన్ని కుటుంబాలు, దక్షిణార్ధగోళంలో ఇంకో కుటుంబం. ఆస్ట్రేలియాలో ఉంది, దక్షిణ అమెరికాలో ఉంది, ఆఖరికి మడగాస్కర్‌లోనూ ఉంది. ఆఫ్రికా ప్రధాన ఖండంలో లేదు, భారతదేశంలోనూ లేదు. సహజంగా ఇక్కడ పుట్టినది ఒక్కటీ లేదు. వాగుల్లో అది చేయాల్సిన కొలువంతా మన దగ్గర ఎండ్రికాయలే చేస్తున్నాయి.

నారాయణగూడ ల్యాబులో రొయ్య

థామస్ హక్స్‌లీ 1880లో జంతుశాస్త్రం మొత్తాన్ని ఒక్క క్రేఫిష్‌తో పరిచయం చేస్తూ పుస్తకం రాశాడు. ఇంగ్లండులో అది చేతికందే ప్రాణి. మన దగ్గర అది లేదు కాబట్టి డిసెక్షన్ ట్రేలో ఆ పీట రొయ్యకు దక్కింది. 1937లో పట్వర్ధన్ రాసిన 'పాలిమన్' అనే గ్రంథం దానికి దారి వేసింది. నారాయణగూడ కాలేజీల్లో జువాలజీ చదివిన అమ్మలను, అత్తలను అడిగి చూడండి. రొయ్య నాడీమండలం తెగకుండా తీసి చూపించడానికి పడ్డ పాట్లు ఇప్పటికీ చెబుతారు. తర్వాత యూజీసీ కోతలకు స్వస్తి చెప్పించడంతో రొయ్య బతికిపోయింది. వంటింట్లో మాత్రం ఆ స్టే చెల్లదు.

మగతోడు లేని క్రేఫిష్

భూఖండాల పడవ తప్పినా, క్రేఫిష్ ఇప్పుడు పాలిథిన్ కవర్లో నీళ్ళు పోసుకొని ఆక్వేరియం వ్యాపారంలో ఊళ్ళు తిరుగుతోంది. అందులో ఒకటి వింతల్లోకెల్లా వింత. 1990ల నడుమ జర్మనీలో ఆక్వేరియం అభిరుచి ఉన్నవాళ్ళ తొట్లలో బయటపడ్డ పాలరాతి చారల క్రేఫిష్‌లో మగవే ఉండవు. ప్రతి ఆడదీ మగతోడు లేకుండా గుడ్లు పెడుతుంది, పిల్లలన్నీ తల్లికి అచ్చుగుద్దిన నకళ్ళు. 2018లో దాని జన్యుపటం చదివితే అన్నీ ఒకే తల్లి సంతానమని తేలింది. ఒక్కటి చాలు, చెరువు నిండటానికి. మడగాస్కర్‌లో అలాగే పాకింది. యూరోపియన్ యూనియన్ దీన్ని పెంచడం, అమ్మడం నిషేధించింది. తొట్టి మీద విసుగు పుట్టి నాలాలోనో చెరువులోనో వదిలేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆరు కిలోల వీరుడు

మంచినీటిలో బతికే వెన్నెముక లేని ప్రాణుల్లో అతి పెద్దది టాస్మేనియా క్రేఫిష్. ఆరు కిలోలు తూగినవి ఉన్నాయని నమోదైంది. ఇప్పుడు అది రక్షిత జీవి, పట్టడం నేరం.

ఉప్పు మరవని రొయ్య

ఇక మన గోదావరి, కృష్ణలకు చెందిన నీలకంఠ రొయ్య. నీలం రంగు తిరిగిన పొడుగు చేతులు, మంచి రుచి, మంచి ధర. దీన్ని పెంచాలని ఎంతమంది ప్రయత్నించినా పిల్లలు పుట్టిన కొద్ది రోజుల్లోనే చచ్చిపోయేవి. మలేషియాలోని పెనాంగ్‌లో పనిచేస్తున్న షావో-వెన్ లింగ్ 1960ల మొదట్లో గుట్టు విప్పాడు. పిల్లలకు ఉప్పు కావాలి. అంటే తల్లి మంచినీటిలో బతికినా, పురుటికి మాత్రం నది మొగకు, పుట్టింటికి పోయినట్టు పోవాలి. అక్కడి ఉప్పుతీపి కలిసిన నీళ్ళలో పిల్ల పదకొండు దశలు దాటి రొయ్య రూపానికి వచ్చాకే ఎదురీదుతూ పైకి వస్తుంది.

ఎండ్రికాయ ఉప్పును మరిచింది, రొయ్య మరవలేదు. తేడా అంతా అక్కడే ఉంది. సముద్రం లేని తెలంగాణలో ప్రభుత్వం చెరువుల్లో, జలాశయాల్లో రొయ్య పిల్లలను వదులుతుంది. అవి పెరుగుతాయి, బరువెక్కుతాయి, వలలో పడతాయి. పిల్లల్ని మాత్రం నిలబెట్టుకోలేవు. అందుకే మళ్ళీ మళ్ళీ పిల్లలను తెచ్చి వదలాల్సిందే.

మగవాళ్ళలో మూడు తరగతులు

నీలకంఠ రొయ్యల చెరువులో మగవి ఒకే వయసువైనా మూడు రకాలుగా తేలతాయి. నీలి గోళ్ళ పెద్దన్నలు పెత్తనం చేస్తారు. నారింజ గోళ్ళవి కాపుకాస్తూ ఒళ్ళు పెంచుకుంటాయి. చిన్న మగవి పెద్దన్న కన్నుగప్పి ఆడదాన్ని చేరతాయి. పెద్దన్నను ఏరేస్తే నారింజ గోళ్ళవాటిలో ఒకటి ఆ కుర్చీ ఎక్కి, నీలి గోళ్ళు తెచ్చుకుంటుంది. రాజకీయాలు చదివేవాళ్ళకు ఇది కొత్త పాఠమేమీ కాదు.

బారెడు మీసం ఎందుకు?

మీసాలుంటే మగతనమా, రొయ్యకు లేవా అని సామెత. అయితే రొయ్య మీసం అలంకారం కాదు. వాసన, స్పర్శ అన్నీ దాంతోనే. ఇంకా ముచ్చటైన సంగతి చిన్న మీసాల మొదట్లో ఉంది. అక్కడో సంచి, దాంట్లో ఇసుక రేణువులు. అవి ఎటు ఒరిగితే అటు కింద అని రొయ్యకు తెలుస్తుంది. పెంకు విడిచినప్పుడు ఆ ఇసుక పోతుంది, మళ్ళీ కొత్తది నింపుకోవాలి. 1893లో క్రైడ్ల్ అనే శాస్త్రవేత్త ఇసుక బదులు ఇనుప రజను పోశాడు. రొయ్య అదే నింపుకుంది. పైన అయస్కాంతం పట్టగానే పాపం ఆకాశమే నేల అనుకొని తిరగబడింది.

నేలమీద ఊరేగింపు

థాయ్‌లాండ్‌లోని ఉబోన్ రాచథానీ దగ్గర వానాకాలం రాత్రుల్లో బుల్లి రొయ్యలు వేలకొద్దీ నీటిలోంచి బయటికొచ్చి, బండల మీద వరస కట్టి నడుస్తాయి. ప్రవాహం మరీ వడిగా ఉన్నచోట ఈదలేక, గట్టెక్కి నడిచి మళ్ళీ పైన నీటిలో దిగుతాయి. చూడటానికి జనం కూడా వరస కడతారు.

చీపురు చేతులు

చెరువుల్లో గడ్డి మొదళ్ళలో గాజులా కనబడే చిట్టి రొయ్యలకు గోరు చివర కుచ్చు ఉంటుంది. దాంతో రాళ్ళ మీది నాచు, చెత్త ఊడ్చి నోట్లో వేసుకుంటాయి. చీపురు, చెంచా ఒకే చేతిలో అన్నమాట. ఆక్వేరియంలో ఎర్రగా మెరిసే చెర్రీ రొయ్య ఈ కుటుంబానిదే. సొంత వాగులో అది మట్టిరంగుదే. ఎరుపేమో మనుషులు ఏరి ఏరి తెచ్చిన రంగు.

రక్తం నీలం, పులుసు ఎరుపు

మన రక్తంలో ఇనుముంటే వీటి రక్తంలో రాగి. అందుకే నీలి ఛాయ. మరి పొయ్యి మీద పెట్టగానే పెంకు ఎర్రబడటం? ఎర్ర రంగు మొదట్నుంచీ ఉంది. ఒక ప్రొటీను దాన్ని పట్టేసి నల్లగా, నీలంగా కనబడేట్టు చేస్తుంది. వేడికి ఆ పట్టు వదలగానే ఎరుపు బయటపడుతుంది.

చెట్టెక్కిన ఎండ్రికాయ

2017లో కేరళ అడవుల్లో చెట్టు తొర్రలో నిలిచిన నీటిలో బతికే ఎండ్రికాయను గుర్తించారు. దాన్ని చూపించిన కాణి గిరిజనుల పేరునే తీసుకొని 'కాణి మరంజండు' అన్నారు. మరంజండు అంటే మలయాళంలో చెట్టు ఎండ్రికాయ. జమైకాలో ఒకటి ఇంకా గడుసుది. ఆకుల మొదట్లో నిలిచే గుక్కెడు నీటిలో పిల్లల్ని పెంచుతుంది. చెత్త తీసేస్తుంది, సున్నం కోసం ఖాళీ నత్త గుల్లలు తెచ్చి వేస్తుంది.

చెట్టు బంకలో పది కోట్ల ఏళ్ళు

మయన్మార్‌లో దొరికిన అంబర్‌లో, అంటే గట్టిపడ్డ చెట్టు బంకలో, మొప్పలతో సహా చెక్కుచెదరకుండా ఉన్న బుల్లి పీతను 2021లో ప్రపంచానికి చూపించారు. దాని వయసు పది కోట్ల ఏళ్ళు. బంక చుక్క సముద్రంలో పడదు కదా. డైనోసార్ల కాలానికే పీతలు సముద్రం విడిచి చెట్ల నీడకు వచ్చాయని దాని సాక్ష్యం.

ఒంటికన్ను చుట్టం

ఈ వంశంలోనే కంటికి ఆననంత చిన్నది సైక్లోప్స్. దిగుడుబావి నీళ్ళతో పాటు దీన్ని మింగినవాళ్ళకు నారికురుపు వచ్చేది. మన పల్లెలూ ఆ బాధ పడ్డవే. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ఆ పీడ వదిలిందని ప్రకటించారు. టీకా లేదు, మందు లేదు. గుడ్డతో వడగట్టిన నీళ్ళు, దిగకుండా కట్టిన బావులే దాన్ని ఓడించాయి.

పదింట మూడు

2025 జనవరిలో వెలువడిన ప్రపంచవ్యాప్త అంచనా ప్రకారం మంచినీటి ప్రాణుల్లో నాలుగో వంతుకు అంతరించే ముప్పుంది. వాటిలోనూ ఎక్కువ దెబ్బ ఎండ్రికాయలు, రొయ్యలు, క్రేఫిష్‌ల గుంపుకే. నూటికి 30. కారణాల కోసం దూరం పోనక్కర్లేదు. కలుషిత నీరు, ఆనకట్టలు, పూడిన చెరువులు.

అశోక్‌నగర్ వంతెన దగ్గర

ఆఖరి బిట్టు. అశోక్‌నగర్ వంతెన కింది నీళ్ళు ఎక్కడికి పోతాయి? హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళు దోమలగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లి, నల్లకుంట మీదుగా మూసీలో పడతాయి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే ఉప్పు మరవని రొయ్య పురుటికి పోవాల్సిన దారి పటంలో చిక్కడపల్లి నుంచి హంసలదీవి దాకా తెగకుండా గీసి ఉంది. వంతెన మీద ఒక నిమిషం ఆగి కిందికి చూడండి. గీత ఉంది గానీ, అందులో రొయ్య దిగే నీళ్ళు లేవు.